మన తరువాత బిడ్డకు: కుటుంబ ట్రస్టు దస్తావేజు రాయించుకునే పద్ధతి

ఎదిగిన బిడ్డ తన ఆస్తిని తానే చక్కబెట్టుకోలేని స్థితిలో ఉన్న తల్లిదండ్రులు దస్తావేజు పని మీద నా దగ్గరకు వచ్చినప్పుడు మొదట అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఇల్లు వాడి పేర రాసేస్తే సరిపోతుందా అండీ?” సరిపోదు. ఇరవై నాలుగేళ్లు వచ్చినా సంతకం పెట్టడం రాని, డబ్బు విలువ తెలియని బిడ్డ పేర ఇల్లు రాస్తే, రేపు ఆ ఇంటిని అద్దెకివ్వాలన్నా, అమ్మి వైద్యం చేయించాలన్నా ఎవరో ఒకరు కోర్టుకో కలెక్టరు దగ్గరకో వెళ్లి అధికారం తెచ్చుకోవలసి వస్తుంది. పోనీ అక్క పేర రాసి “తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలి” అని నోటిమాటగా చెబితే, చట్టం దృష్టిలో ఆ ఇల్లు అక్కది, ఆమె తరువాత ఆమె భర్తదీ పిల్లలదీ అవుతుంది తప్ప, తమ్ముడికి ఆ గడప మీద కూర్చునే హక్కు కూడా మిగలదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న దారి ప్రైవేటు ట్రస్టు, వాడుకలో కుటుంబ ట్రస్టు.

చెప్పేది గాలిలో తేలిపోకుండా ఉండేందుకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. గుంటూరులో రిటైరైన ఉపాధ్యాయ దంపతులు. నూట ఎనభై గజాల స్థలంలో సొంత మేడ, పై వాటా అద్దెకిచ్చారు. తెనాలి వైపు ఎకరంపావు మాగాణి, బ్యాంకులో 40 లక్షల రూపాయల డిపాజిట్లు ఉన్నాయి. కూతురు డాలస్‌లో స్థిరపడింది. ఇరవై నాలుగేళ్ల కొడుకుకు పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉంది. తమ తరువాత వాడు ఇదే ఇంట్లో, ఇదే వీధిలో బతకాలన్నది వాళ్ల కోరిక. మద్యానికో జూదానికో బానిసైన కొడుకు, చిన్న పిల్లలతో మిగిలిన వితంతువైన కోడలు వంటి సందర్భాలకు కూడా ఈ పద్ధతే కొద్దిపాటి మార్పులతో పనికివస్తుంది.

ట్రస్టు అంటే ఏమిటి, ఏది కాదు

మన ఊళ్లలో ట్రస్టు అనగానే గుడో, సత్రమో, ఇంజనీరింగు కాలేజీయో గుర్తుకొస్తుంది. అవి ప్రజా ట్రస్టులు, వాటి చట్టాలు వేరు, ఆదాయపు పన్ను మినహాయింపులు వేరు. ఒక కుటుంబంలోని ఫలానా మనుషుల మేలు కోసం పెట్టేది ప్రైవేటు ట్రస్టు. దానికి ఆధారం 1882 నాటి భారత ట్రస్టుల చట్టం. ఈ తేడా తెలియని చోట్ల ఇబ్బంది పడవలసి వస్తుంది. ఒకసారి ఒక బ్యాంకు శాఖలో కుటుంబ ట్రస్టు పేర ఖాతా తెరవబోతే, ధర్మసంస్థలకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏబీ ధ్రువపత్రం తెమ్మని మూడుసార్లు తిప్పారు. అది మనకు రాదు, అక్కర్లేదు కూడా అని చట్టం ప్రతి చూపించి చెప్పేసరికి నెల గడిచింది.

చట్టం ప్రకారం ట్రస్టు పుట్టాలంటే, ఏర్పరచాలన్న ఉద్దేశం, దాని ప్రయోజనం, లబ్ధిదారు ఎవరన్నది, ట్రస్టు ఆస్తి ఏదన్నది, ఈ నాలుగూ సందేహానికి తావులేకుండా తెలియాలి. వీటితో పాటు ఆస్తిని ట్రస్టీకి, అంటే లబ్ధిదారు మేలు కోసం ఆస్తిని చూసే మనిషికి, నిజంగా బదిలీ చేసి తీరాలి. వీలునామా ద్వారా పెట్టినప్పుడు, ఇచ్చేవారే ట్రస్టీగా ఉన్నప్పుడు మాత్రమే ఈ చివరి షరతు వర్తించదు. నేను చూసిన విఫలమైన ట్రస్టుల్లో ఎక్కువ భాగం ఈ చివరి మెట్టు మీదే జారిపడ్డాయి: దస్తావేజు అందంగా ఉంటుంది, బీరువాలో భద్రంగా ఉంటుంది, డిపాజిట్లు మాత్రం తండ్రి పేరనే ఉండిపోతాయి.

ఇంకొక సంగతి: ట్రస్టు కంపెనీలాగా ఒక చట్టబద్ధమైన వ్యక్తి కాదు. ఆస్తి ట్రస్టీల పేర, “ఫలానా ట్రస్టు ట్రస్టీలుగా” అన్న హోదాలో ఉంటుంది. యాజమాన్యం వాళ్లది, అనుభవం లబ్ధిదారుది. అందుకే ట్రస్టీ ఎవరన్న ప్రశ్న మిగతా అన్నిటికంటే పెద్దది.

అందరికీ ట్రస్టు అవసరం లేదు. పిల్లలందరూ తమ పని తాము చూసుకోగలిగినవాళ్లే అయితే, ఇద్దరు సాక్షులతో శుభ్రంగా రాసిన వీలునామా చాలు, ట్రస్టు పేరిట ప్రతి ఏటా లెక్కలూ రిటర్నులూ మోయడం వృథా శ్రమ. వారసత్వపు పన్ను తప్పించుకోవడానికి ట్రస్టు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు, కానీ మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది, లేని పన్నును తప్పించుకోవలసిన పని లేదు. అప్పులవాళ్లకు అందకుండా ఆస్తిని దాచే ఉద్దేశమైతే అది అసలే పనికిరాదు: అప్పులిచ్చినవాళ్లను ఎగ్గొట్టడానికి చేసిన బదిలీని వాళ్లు రద్దు చేయించుకోవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షను చెబుతోంది. వ్యాపారంలో ఉండి భార్యాబిడ్డల భద్రత గురించి ఆలోచించే మగవాళ్లకు అంతకంటే చవకైన దారి ఒకటుంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షను కింద భార్యాపిల్లల కోసం తీసుకున్న జీవిత బీమా పాలసీ దానంతటదే ట్రస్టు అవుతుంది, అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ మేరకు ఫారం నింపాలి, తరువాత గుర్తొస్తే లాభం లేదు.

ముందుగా ఆస్తుల జాబితా

ఒక పుస్తకంలో ప్రతి ఆస్తికీ ఒక పేజీ కేటాయించి, అది ఎప్పుడు, ఎవరి డబ్బుతో, ఎవరి పేర వచ్చిందో రాయాలి. స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది తేలకుండా ముందుకు పోకూడదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో విడిపోని వాటాను మిగతా భాగస్వాముల సమ్మతి లేకుండా ఒకరు దానంగా ఇస్తే చెల్లదని మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 1987లో చెప్పింది, ట్రస్టుకు ఉచితంగా బదిలీ చేయడం కూడా ఆ కోవలోకే వస్తుంది. ఆడపిల్లకు పుట్టుకతోనే వాటా ఉందన్న మాట మనకు హిందూ వారసత్వ చట్టానికి చేసిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణతోనే వచ్చింది, 2005లో దేశమంతటికీ విస్తరించింది, తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మన ఉదాహరణలో మాగాణి తాతగారి నుంచి వచ్చినదైతే, డాలస్ కూతురిని కలుపుకొని ముందు భాగపంపకాల దస్తావేజు రాసుకోవాలి, ఆ తరువాతే ట్రస్టు మాట.

ఇంటికి సంబంధించి లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం), ఆస్తి పన్ను రసీదు ఒకచోట పెట్టాలి. భూమి అయితే రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్, పట్టాదారు పాసుపుస్తకం చూడాలి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉందేమో తప్పనిసరిగా సరిచూసుకోవాలి. అసైన్డ్ భూమిని, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూమిని, ట్రస్టులో పెట్టాలని చూడవద్దు. నామినీ పేరున్నంత మాత్రాన డబ్బు నామినీది అయిపోదన్న సంగతి కూడా ఈ దశలోనే ఇంట్లో అందరికీ చెప్పాలి: నామినీ సొమ్ము అందుకునేవాడే తప్ప సొంతదారు కాడని షేర్ల విషయంలో కూడా సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది.

ఎకరంపావు మాగాణిని ట్రస్టులో పెట్టడం గురించి నా అభిప్రాయం అడిగితే, వద్దనే చెబుతాను. కౌలుకిచ్చేదెవరు, కౌలు వసూలు చేసేదెవరు, గట్టు జరిగితే చూసేదెవరు? ఊళ్లో ఉన్న తండ్రి చేసినంత తేలికగా పట్నంలో ఉన్న ట్రస్టీ ఆ పని చేయలేడు. ఓపిక ఉన్నప్పుడే అమ్మి డిపాజిట్టుగా మార్చడమో, కూతురి వాటా కింద సర్దడమో మేలు.

నెల ఖర్చు లెక్క

దస్తావేజు కంటే ముందు ఒక తెల్లకాగితం మీద బిడ్డ నెల ఖర్చు రాయాలి. తిండి, మందులు, పగటిపూట చూసుకునే మనిషి జీతం, ఫిజియోథెరపీ, కరెంటు, ఇంటి మరమ్మతులకు తీసి ఉంచే మొత్తం అన్నీ కలిపి మన కుటుంబంలో 22,000 రూపాయలు అనుకుందాం. 40 లక్షల మీద ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి 2,80,000, నెలకు 23,000 పైచిలుకు. అబ్బ, సరిపోయింది అనిపిస్తుంది. కానీ ధరలు ఏటా ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది, అప్పటికి వాడికి ముప్పై ఆరేళ్లే. కాబట్టి “వడ్డీ మాత్రమే ఖర్చు పెట్టవలెను, అసలు ముట్టరాదు” అని ముచ్చటపడి రాయించే షరతు బిడ్డను ఆకలికి వదిలేసే షరతు అవుతుంది. అసలును కూడా వాడే అధికారం ఇవ్వాలి, పై వాటా అద్దెను కూడా ఈ లెక్కలోకి తేవాలి.

ఇక్కడే ఒక పక్కమాట. ప్రభుత్వ పింఛను తీసుకుంటున్నవాళ్లు, సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే నిబంధన తమ పింఛను నియమాల్లో ఉందేమో చూసుకుని, తాము బతికుండగానే సదరం ధ్రువపత్రం (వైకల్య నిర్ధారణ పత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) జతచేసి బిడ్డ పేరు పింఛను కాగితాల్లో ఎక్కించుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ పోయిన తరువాత మేనమామ ఆ కాగితాల కోసం తిరగడం ఎంత కష్టమో చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను. ఆ పింఛను ట్రస్టుకు రాదు, బిడ్డ సంరక్షకుడి చేతికి వస్తుంది.

ట్రస్టీలు ఎవరు

ఒక్కరిని పెట్టవద్దు. ముగ్గురిని పెట్టి, వాళ్లలో కనీసం ఒకరు బిడ్డకు దగ్గరి వయసువారై ఉండేలా చూడాలి. తండ్రి, తండ్రి తమ్ముడు, తండ్రి స్నేహితుడు అని ముగ్గురు డెబ్బై ఏళ్లవాళ్ల పేర్లు రాయించిన దస్తావేజు నా చేతికి వచ్చింది, పదేళ్లు తిరిగేసరికి ఆ ట్రస్టుకు దిక్కెవరో కోర్టును అడగవలసి వచ్చింది. ప్రతి ట్రస్టీ పేరు పక్కన అతని తరువాత వచ్చేవారి పేరు, ఆ పేర్లు కూడా అయిపోతే మిగిలినవాళ్లు కొత్తవారిని ఎలా ఎన్నుకోవాలో రాసి ఉంచాలి.

దస్తావేజులో ఏమీ రాయకపోతే చట్టమే కొన్ని నియమాలు పెడుతుంది, అవి తెలియకపోతే తరువాత చిక్కు. ట్రస్టీలందరూ కలిసే ప్రతి పనీ చేయాలి. ఒప్పుకున్న ట్రస్టీ తనంతట తాను తప్పుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి, ఎందుకంటే సమ్మతి ఇవ్వగల సామర్థ్యం మన లబ్ధిదారుకు లేదు. ట్రస్టీకి జీతభత్యాలు ఉండవు. కోర్టు అనుమతి లేకుండా ట్రస్టు ఆస్తిని 21 ఏళ్లకు మించి లీజుకు ఇవ్వకూడదు. ఇందులో మొదటి మూడింటినీ దస్తావేజు ద్వారా మార్చుకోవచ్చు: రోజువారీ బ్యాంకు పనికి ఎవరైనా ఇద్దరి సంతకాలు చాలునని, మూడు నెలల నోటీసుతో తప్పుకోవచ్చునని, ట్రస్టు పని మీద పెట్టిన ఖర్చుతో పాటు ఏడాదికి ఇంత అని గౌరవవేతనం తీసుకోవచ్చునని రాయించండి. బంధువులకు డబ్బు ఇస్తామంటే బాగుండదేమో అని మొహమాటపడేవాళ్లుంటారు. ఇరవై ఏళ్లపాటు ఉచితంగా పని చేయమనడమే నాకు బాగుండని పనిగా తోస్తుంది.

కూతురిని ట్రస్టీగా పెట్టడం గురించి జాగ్రత్తగా ఆలోచించాలి. కొడుకు తరువాత మిగిలినదంతా కూతురికే చెందుతుందని కూడా రాస్తే, తమ్ముడికి తక్కువ ఖర్చు పెడితే తనకు ఎక్కువ మిగిలే స్థితిలో ఆమెను నిలబెట్టినట్టు అవుతుంది. ఆమె బంగారంలాంటి మనిషే కావచ్చు, రేపు లెక్కలు అడిగేవాళ్లు మాత్రం అలా చూడరు. మిగులు ఆమెకు పోయేటట్టయితే ముగ్గురు ట్రస్టీల్లో ఆమె ఒకరిగా మాత్రమే ఉండాలి, నిర్ణయం మిగతా ఇద్దరి చేతిలో ఉండాలి. పైగా ఆమె అమెరికాలో పన్ను కట్టే మనిషి: విదేశీ ట్రస్టు నుంచి ఆమెకు సొమ్ము అందినప్పుడు అక్కడి పన్ను శాఖకు 3520 నంబరు ఫారం దాఖలు చేయాలి, చేయకపోతే జరిమానా 10,000 డాలర్లు లేదా అందిన మొత్తంలో 35 శాతం, ఏది ఎక్కువైతే అది. ఈ విషయం అక్కడి ఆడిటర్‌తో మాట్లాడకుండా ఆమె పేరు దస్తావేజులోకి ఎక్కించవద్దు.

ట్రస్టీ వేరు, సంరక్షకుడు వేరు. ట్రస్టీ చూసేది ఆస్తిని, సంరక్షకుడు చూసేది మనిషిని. బిడ్డకు పద్దెనిమిదేళ్లు దాటాక తల్లిదండ్రులు కూడా చట్టరీత్యా సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. దరఖాస్తు ఇప్పుడే పెట్టుకోవాలి. వీలైతే ఈ రెండు బాధ్యతలూ ఇద్దరు వేరు వేరు మనుషులకు ఇవ్వడం మంచిది: డబ్బు అడిగే మనిషి, డబ్బు ఇచ్చే మనిషి వేరైతే ఒకరి మీద ఒకరికి కన్ను ఉంటుంది.

దస్తావేజులో మాటలు

నమూనా కాగితాలు కొట్లలో దొరుకుతాయి, వాటిలో పేర్లు మార్చి సంతకం పెట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి అలా చేయవద్దు. ఖర్చుకు సంబంధించిన షరతు నేను సుమారుగా ఇలా రాస్తాను:

“ధర్మకర్తలు ట్రస్టు ఆస్తి మీద వచ్చు ఆదాయమును, ఆదాయము చాలనప్పుడు అసలును సైతము, లబ్ధిదారుని భోజనము, వస్త్రములు, వైద్యము, ఆలనపాలన, ప్రయాణము, వినోదముల నిమిత్తము తమ విచక్షణ మేరకు ఖర్చు చేయవలెను. లబ్ధిదారుని జీవితకాలములో, అతని నివాసమునకు అంతకు తగ్గని వేరొక ఏర్పాటు జరిగిననే తప్ప, షెడ్యూలు ఇంటిని విక్రయించుటకు వీలులేదు.”

‘వినోదములు’ అన్న మాట దగ్గర చాలామంది నవ్వుతారు. ఆ మాట లేకపోతే, వాణ్ణి తిరునాళ్లకు తీసుకువెళ్లి రంగులరాట్నం ఎక్కించిన ఖర్చును ఏ ఖాతాలో రాయాలో తెలియక జాగ్రత్తపరుడైన ట్రస్టీ తీసుకువెళ్లడమే మానేస్తాడు. ఇంటి అమ్మకం మీద పూర్తి నిషేధం ఎందుకు పెట్టలేదంటే, వీధి మొత్తం హోటళ్లూ షాపులూ అయిపోయిన రోజున, మెట్లెక్కలేని వయసు వచ్చిన రోజున అదే ఇల్లు వాడికి బరువవుతుంది.

ఇవి కాక, సొమ్మును ఎక్కడెక్కడ మదుపు చేయవచ్చో, ఏటా ఏ తేదీలోగా లెక్కలు రాసి ఎవరికి పంపాలో, సంవత్సరానికి ఒకసారైనా ట్రస్టీలు బిడ్డను స్వయంగా చూసి రావాలని, అభిప్రాయభేదం వస్తే ఏం చేయాలో రాయించాలి. సందేహం వచ్చినప్పుడు ట్రస్టీలు భారత ట్రస్టుల చట్టం 34వ సెక్షను కింద జిల్లా కోర్టు సలహా అడగవచ్చునన్న సంగతి వాళ్లకు చెప్పి ఉంచండి. కుటుంబ ట్రస్టు తరతరాలూ నడవదు, బదిలీ నాటికి బతికి ఉన్నవారి జీవితకాలం, ఆపైన ఒక మైనరు పద్దెనిమిదేళ్లు నిండేవరకు మాత్రమే ఆస్తి తుది యాజమాన్యాన్ని ఆపి ఉంచవచ్చు. కాబట్టి కొడుకు తరువాత మిగిలినది ఎవరిదో పేరు పెట్టి రాయాలి.

ఇప్పుడే పెట్టాలా, వీలునామాలో పెట్టాలా

ఇప్పుడే పెట్టే ట్రస్టులో స్థిరాస్తి ఉంటే దస్తావేజు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మార్కెట్ విలువ మీద స్టాంపు సుంకం తప్పదు. వీలునామాలో పెడితే స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు (చేయించడమే మంచిది), బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దాని లోపం ఒక్కటే: మీరు పోయిన రోజున అది మొదటిసారి నడక మొదలుపెడుతుంది, తప్పటడుగు వేస్తే పట్టుకోవడానికి మీరుండరు.

అందుకే నేను ఎక్కువమందికి రెండూ కలిపి చెబుతాను. ఒక ఐదు లక్షలతో ఇప్పుడే చిన్న ట్రస్టు పెట్టండి. డబ్బు చరాస్తి కనుక సుంకం భారం తక్కువ. తండ్రి ఒక ట్రస్టీగా ఉండి, మిగతా ఇద్దరి చేత ఖాతా నడిపించి, మందుల బిల్లులు వాళ్ల చేతే కట్టించి చూడాలి. కొత్త ఎద్దును ముందు ఖాళీ అరకకు కట్టి చూసినట్టు, రెండు మూడేళ్లలో ఎవరు నిలకడగా లాగుతారో, ఎవరు కాడి దించేస్తారో తెలిసిపోతుంది. ఇంటినీ, మిగిలిన డిపాజిట్లనూ వీలునామా ద్వారా ఆ ట్రస్టు ట్రస్టీలకే చేరేలా రాయాలి. మనుషులు సరిపడకపోతే, ట్రస్టీలను మార్చే అధికారం మొదటి దస్తావేజులో మీకే ఉంచుకుని ఉంటారు కాబట్టి మార్చేయవచ్చు.

ట్రస్టీలను మార్చే అధికారం ఉంచుకోవచ్చు గాని, ట్రస్టును రద్దు చేసి ఆస్తి వెనక్కి తీసుకునే అధికారం ఉంచుకుంటే పన్ను దగ్గర తేడా వస్తుంది: రద్దు చేయగల ట్రస్టు ఆదాయం ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. పన్ను సంగతి క్లుప్తంగా ఇదీ. 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు, సెక్షన్ల నంబర్లు మారాయి కనుక ఇక్కడ నంబర్లు ఇవ్వడం లేదు. లబ్ధిదారు ఒక్కరే అయినా, లేక ఎవరి వాటా ఎంతో ముందే తేలి ఉన్నా, ట్రస్టు ఆదాయం మీద ఆ లబ్ధిదారుకు పడేంత పన్నే ట్రస్టీ కడతాడు. ముగ్గురు నలుగురు లబ్ధిదారులను పెట్టి ఎవరికెంత ఇవ్వాలో ట్రస్టీల ఇష్టానికి వదిలేస్తే, కొన్ని మినహాయింపులు పోగా, అత్యధిక రేటు పడుతుంది. మన కొడుకు ట్రస్టులో అతనొక్కడినే జీవితకాల లబ్ధిదారుగా ఉంచమనడానికి అదొక కారణం. బంధువుల మేలు కోసమే పెట్టిన ట్రస్టుకు ఇచ్చిన ఆస్తిని ఆదాయంగా లెక్కించరు. అయితే చివరి మిగులు ఫలానా ఆశ్రమానికి అని ఒక్క వాక్యం చేర్చినా ‘బంధువుల కోసమే’ అన్న మాట మీద ప్రశ్న లేవవచ్చు, అది చేర్చేముందు ఆడిటర్‌ను అడగాలి.

రిజిస్ట్రేషన్, ఆ తరువాత

ఇంటిని కూడా ఇప్పుడే చేర్చదలుచుకుంటే, చిత్తు దస్తావేజు పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి సుంకం లెక్క వేయించుకోవాలి. కుటుంబ సభ్యులకు రాసే సెటిల్‌మెంటుకున్న తక్కువ రేటు ట్రస్టు దస్తావేజుకు కూడా వర్తిస్తుందని ముందే అనుకోకూడదు. అనుమానం మిగిలితే స్టాంపు చట్టం 31వ సెక్షను కింద ముందుగానే సుంకం నిర్ణయింపజేసుకునే వీలుంది. సంతకాలైన నాలుగు నెలల్లోగా దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. ఇచ్చేవారు, ఒప్పుకున్నట్టు సంతకం చేసే ట్రస్టీలు, ఇద్దరు సాక్షులు ఫోటోలు, ఆధార్, పాన్ కార్డులతో రావాలి. విదేశంలో ఉన్నవారు పవరాఫ్ అటార్నీ పంపితే, అక్కడ భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి, కాగితం ఇక్కడకు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సంతకం పెట్టించుకోవడం అంతకంటే సులువు.

రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే ట్రస్టు పేర పాన్ కోసం దరఖాస్తు పెట్టి, అది రాగానే బ్యాంకు ఖాతా తెరిచి, ఆ ఖాతాలోకి డబ్బు మార్చాలి. పాత ఎఫ్‌డీలను గడువు తీరాక మార్చుదామని వదిలేస్తే అవి ట్రస్టులోకి రావు. ఆస్తి పన్ను, కరెంటు మీటరు, నీటి కుళాయి పేర్లు మార్పించాలి. పై వాటా అద్దెకున్నవారితో ట్రస్టీల పేర కొత్త అగ్రిమెంటు రాసుకుని, అద్దె ట్రస్టు ఖాతాలోకే వేయమని చెప్పాలి. ఒక పొడుగు చిట్టా పుస్తకం పెట్టి, నెలనెలా బిల్లులు అంటించడం మొదటి నెల నుంచే అలవాటు చేసుకుంటే రిటర్ను వేసే ఆడిటర్‌కు సగం పని తగ్గుతుంది.

చివరగా, ఏ రిజిస్ట్రారూ అడగని, ఏ స్టాంపూ అక్కర్లేని కాగితం ఒకటి తల్లి చేతే రాయించాలి. ట్రస్టీలకూ సంరక్షకుడికీ ఉద్దేశించిన ఉత్తరం అది. వాడు ఇడ్లీ పంచదారతోనే తింటాడు, కారం నాలుక్కి తగిలితే రోజంతా అన్నం ముట్టడు. కుక్కరు విజిల్‌కు భయపడతాడు, వంట అయ్యేదాకా వసారాలో కూర్చోబెట్టాలి. ఫిట్స్ మాత్ర ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి, ఒక్క పూట తప్పినా ప్రమాదం. సాయంత్రం హారతి వేళకు గుడికి తీసుకువెళ్తే గంట తానే కొడతాడు, అది లేని రోజు నిద్రపోడు. నొప్పి ఎక్కడుందో చెప్పలేడు, చెవి పట్టుకుంటే పన్ను నొప్పి అని అర్థం. ఇలాంటివి నాలుగు పేజీలు రాసి, ప్రతులు ట్రస్టీలందరికీ ఇచ్చి, ఒకటి దస్తావేజుతో పాటు ఉంచాలి. ప్రతి ఉగాదికి దాన్ని తీసి చదివి, మారిన మందుల పేర్లు కొట్టేసి కొత్తవి రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టాలి.